అమ్మ నడుము కోసం కొంట నుంచి జగదల్‌పూర్‌కు: మా మొదటి పిలాటిస్ క్లాసు

మా అమ్మ పాతికేళ్లుగా ఏటా రాష్ట్ర సరిహద్దు దాటి మిరప తోటలకు కూలికి పోతోంది. కాయ ఏరడమంటే పొద్దంతా వంగి ఉండటమే. ఆ కూలితోనే మా ఇంట్లో మొదటిసారి ఒకరు బడికి వెళ్లారు, అది నేను. ఇప్పుడు అమ్మ పక్క మీద ఇటు నుంచి అటు తిరగలేదు. పొట్ట, నడుము కండరాలకు బలం రాకుండా ఈసారి తోటకు పోతే మంచాన పడుతుందని భద్రాచలం డాక్టరు చెప్పాడు. చాప మీద పడుకుని, ఊపిరికి తగ్గట్టు నెమ్మదిగా చేసే పిలాటిస్ నేను కాలేజీ హాస్టల్లో ఫోన్‌లో చూసి మొదలుపెట్టాను. నా నడుము నొప్పి దాంతోనే తగ్గింది. అందుకే అమ్మను బయల్దేరదీశాను.

కొంటలో పొద్దున ఆరింటికి బస్సు ఎక్కాం, టికెట్ మనిషికి మూడు వందల లోపే. "ఏంది చెల్లె, అమ్మను దవాఖానకా?" అన్నాడు కండక్టర్. కసరత్తు నేర్పించడానికన్నాను. "ఇంట్ల పని సాల్తలేదా? పైసలిచ్చి వంగుడు నేర్సుకుంటరా?" బస్సంతా నవ్వింది. అమ్మ కూడా నవ్వింది. నాకు ఒళ్లు మండింది. సుక్మాలో టీకి ఆపినప్పుడు దిగి కాళ్లు సాగదీసుకోమంటే, "మంచిగనే ఉన్న" అని అమ్మ కదల్లేదు. దర్భా ఘాటీ కొండదారి మలుపులన్నీ సీటు కమ్మీ పట్టుకునే కూర్చుంది.

పన్నెండింటికి జగదల్‌పూర్‌లో దిగాం. అక్కడి నుంచి ఆటోలో పది నిమిషాలు, బట్టల షాపు పై అంతస్తులో క్లాసు, ఒక్కరోజుకు నాలుగు వందలు. అమ్మ నా సల్వార్ వేసుకుంది. నేర్పే అమ్మాయిది నా వయసే. ముందుకు వంగమనగానే అమ్మ మిరప సాలులో వంగినట్టే వంగింది. ఆ అమ్మాయి ఫోన్ తీసి వీడియో మొదలుపెట్టింది. "అందరూ చూడండి, ఊళ్ల ఆడవాళ్లకు ఇది పుట్టుకతోనే వస్తుంది. అలాగే ఉండండి ఆంటీ. నొప్పి ఉందా?" అంది హిందీలో.

"ఠీక్ హై," అంది అమ్మ.

"ఇంకొంచెం కిందికి?"

"ఠీక్ హై."

రేషన్ దుకాణంలో, తహసీల్ ఆఫీసులో, ఆసుపత్రిలో, ఎవరేం అడిగినా అమ్మ చెప్పే హిందీ అదే. అలా అంటే తొందరగా వదిలేస్తారు. ఆమె నుదుటి చెమట చాప మీద పడుతోంది.

నేను వెళ్లి ఫోన్‌కు అడ్డంగా నిలబడ్డాను. "ఇలా వంగి వంగే ఆమె నడుము పోయింది. మీరు మెచ్చుకునేది దాన్నే. ఆ వీడియో చెరిపెయ్యండి."

"ఊకో బిడ్డా, మేడంతోటి గట్ల మాట్లాడ్తరా?" అంది అమ్మ.

"నొప్పి ఉందని ఎందుకు చెప్పవు?"

"చెప్తే పొమ్మంటరు. ఇంత దూరం వచ్చినం గద."

క్లాసులో చేరేటప్పుడు తలుపు దగ్గర అమ్మ నొప్పి సంగతి నేనూ చెప్పలేదు. చెప్తే చేర్చుకోరేమోననే.

ఆ అమ్మాయి వీడియో చెరిపి అమ్మను పడుకోబెట్టింది. నొప్పి ఎక్కడో ఇంటి భాషలో అడగమని నాతో అంది, అడిగాను. అమ్మ ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని తన ఎడమ తుంటి మీద పెట్టుకుంది. "ఈడ. కాలు దాకా గుంజుతది."

కాలి సంగతి నేను వినడం అదే మొదటిసారి. నొప్పి కాల్లోకి దిగుతుంటే ముందు డాక్టరును మళ్లీ అడగాలని చెప్పి, ఆ అమ్మాయి ఆ రోజుకు ఊపిరి తీసుకోవడం ఒక్కటే నేర్పింది.

తిరుగు బస్సులోనూ అదే కండక్టర్. "నేర్సుకున్నవా అమ్మా?" అన్నాడు నవ్వుతూ. అమ్మ నవ్వలేదు. "నడుము నొస్తది. ముందు సీటు ఇయ్యి," అంది. ఇచ్చాడు.

నా కోపం ఇంకా తగ్గలేదు. అందులో సగం నా మీదే. ఇన్ని పుస్తకాలు చదివి, ఇంట్లో అమ్మను ఒక్క ప్రశ్న సరిగా అడగలేదు. మీరు మీ అమ్మనో అత్తనో తీసుకెళ్తే, క్లాసు మొదలవకముందే ఇంటి భాషలో అడగండి. నొప్పి ఉందా అని కాదు, ఎక్కడ అని.