ఖాళీ పళ్ళెం

ఫిన్లండ్ నుంచి సెర్బియా వచ్చి, లెస్కోవాత్స్‌లో మకాం పెట్టి, ఆ ఊరి ముచ్చట్లు బ్లాగులో రాయబట్టి ఏడాది నిండిందని మారిత్ పాత రాతలన్నీ తిరగేసింది. జనం ఎగబడి చదివింది 'మా వీధి పెద్ద మనసు' అన్నది. పక్కింటి ముసలావిడ దెసాంకా పంపిన పళ్ళేల ఫోటోలు వరసగా చూస్తుంటే ఒక వింత కంటపడింది. మొదట్లో రెండు జున్ను రొట్టెలు వచ్చేవి. పోనుపోను పళ్ళెం పట్టనన్ని! ఎందుకలా? ఉండబట్టలేక, తళతళా తోమిన పళ్ళెం పట్టుకెళ్ళి అడిగేసింది.

మిరపకాయలు కాలుస్తున్న దెసాంకా తలెత్తలేదు. "ఎందుకేవిటే తల్లీ! పళ్ళెం ఖాళీగా తిరిగొచ్చిందంటే, ఆ ఇంట్లో వేసివ్వడానికి గుప్పెడు వాల్‌నట్లైనా లేవనేగా? నువ్వేమో పనీపాటా లేకుండా పొద్దస్తమానం కంప్యూటర్ ముందే కూర్చుంటావాయె. పస్తులుంటున్నావని వీధంతా వంతులేసుకుని నా పళ్ళెం నింపుతున్నాం."

మారిత్‌కి తల కొట్టేసినట్టయింది. వాళ్ళ ఊళ్ళో కడిగిచ్చేస్తే అదే మర్యాద మరి! మర్నాడు అదే పళ్ళెం నిండా తను కాల్చిన దాల్చినచెక్క బన్నులు పెట్టి తీసుకెళ్ళింది.

దెసాంకా ఒకటి కొరికి, ప్రహరీ మీంచి ఎదురింటికి కేకేసింది: "ఒసేవ్ ల్యుబింకా! రేపు నీ వంతు లేదులే. పిల్లకి ఉద్యోగం దొరికింది!"