లారీకి సైలెన్సర్ కొన్న రోజు

ఊళ్ళో నాకు గయ్యాళి అని పేరు. ఊరికే రాలేదు లెండి, కష్టపడి తెచ్చుకున్నాను. మా ఆయనకి వినికిడి తగ్గిపోతూ వచ్చింది. లారీ నడిపే మనిషికి వినబడటం లేదని తెలిస్తే ఎవరన్నా స్టీరింగ్ ముట్టుకోనిస్తారా? అందుకని ఆయనతో ఆడే ప్రతి మాటా నేనే అరిచి ఆడేదాన్ని. నీళ్ళు తోడానన్నా అరుపే, అన్నం వడ్డించానన్నా అరుపే. పక్కింటి వాళ్ళు ఆయన్ని చూసి జాలిపడేవాళ్ళు. పడితే పడ్డారు, నా సొమ్మేం పోయింది, ఆయన బండి ఆగకుండా ఉంటే చాలనుకున్నాను.

లారీ అన్నదమ్ములిద్దరిదీ. చల్లపల్లి దగ్గర మా ఊరు. బాడుగలు మాట్లాడటం, లోడు చూసుకోవటం బావగారి పని. నడిపేది మా ఆయన. సీజన్లో చెరుకు ఉయ్యూరు ఫ్యాక్టరీకి, మిగతా రోజుల్లో బియ్యం బస్తాలు బెజవాడకి. బావగారు చెడ్డవాడేం కాదు, కానీ జాగ్రత్త మనిషి. సంగతి తెలిసిందా, ఆ పూటే జీతానికి డ్రైవర్ని పెట్టేస్తారు. మా ఆయన ఒక్కపూట ఇంట్లో ఉంటేనే కాలుగాలిన పిల్లిలా వాకిట్లోకీ పెరట్లోకీ తిరుగుతారు. ఇక జన్మంతా ఇంట్లో కూర్చోమంటే ఏమైపోతారో నాకు ఊహకే అందలేదు.

దివిసీమ ఉప్పెన తర్వాత సంవత్సరం సంగతి ఇది. ఉప్పెనప్పుడు బియ్యం, తాటాకులు వేసుకుని మా లారీ ఆ ఉప్పునీళ్ళల్లో పడి తిరిగింది. ఆ ఉప్పు మెల్లమెల్లగా సైలెన్సర్‌ని తినేసింది. ఒకరోజు దాని పొట్ట పగిలింది. అబ్బబ్బ, ఏం చప్పుడండీ అది! కాలవ గట్టు మీద లారీ వస్తుంటే మా ఇంట్లో గిన్నెలు గలగలమనేవి. అందరూ చెవులు మూసుకుంటుంటే మా ఆయన మాత్రం పండగ చేసుకున్నారు.

ఎందుకో నాకు తెలుసు. అంతకుముందు ఆయన గేర్లు మారుస్తుంటే ప్రతిసారీ గరగరా ఒరుసుకునేవి. ఆ రోజుల్లో లారీ గేర్లు ఇంజను చప్పుడు విని మార్చాలి. అది వినబడకపోయె మరి. సైలెన్సర్ పగిలాక ఆ మోత ఆయన ఛాతీలోకి కొట్టేది, గేర్లు వెన్నలా పడేవి. ఇంకోటి కూడా ఉంది. ఆ గోలలో లారీ ఎక్కినవాడల్లా అరవాల్సిందే. బావగారూ అరిచేవారు, జట్టు కూలీలూ అరిచేవాళ్ళు. అరిచినవి మా ఆయనకి వినబడేవి. ఎన్నాళ్ళకో నలుగురితో కలిసి జోకులకి నవ్వటం చూశాను, నా కడుపు నిండిపోయింది.

ఆ వైభోగం ఉయ్యూరులో ముగిసింది. ఫ్యాక్టరీ ముందు చెరుకు బండ్లు బారులు తీరి ఉంటాయి కదా, మా లారీ మోతకి ఒక జత ఎడ్లు బెదిరి కాడి విదిలించుకుని పారిపోయాయి. బండి బోల్తా, చెరుకంతా రోడ్డు పాలు. బండ్లవాళ్ళు కర్రలు తీసుకుని లారీ చుట్టూ మూగారు. సైలెన్సర్ మార్చేదాకా ఈ లారీని ఇటు రానివ్వమని తేల్చి చెప్పేశారు. బావగారు ఇంటికొచ్చి, రేపే బెజవాడ పోయి మంచి సైలెన్సర్ వేయిస్తాం, చీమ చిటుక్కుమన్నా వినబడాలి అన్నారు. ఇక లారీలో ఈయన కోసం ఎవరు అరుస్తారు?

మంగళగిరి చీర కొనుక్కోవాలని వంక పెట్టి నేనూ లారీ ఎక్కాను.

"లారీ సామాన్ల కొట్ల దగ్గర ఆడవాళ్ళకేం పనమ్మా?" అన్నారు బావగారు.

"మీ పని అయ్యాకే నా పని బావగారూ, నేను లారీలోనే కూర్చుంటాను" అన్నాను. కూర్చుంటే కదా!

బెజవాడలో ఆటోనగర్ అప్పుడప్పుడే ఊరవుతోంది. రేకుల షెడ్లు, నల్లటి నేల, ఎటు చూసినా సుత్తి దెబ్బలు. సైలెన్సర్ల కొట్టాయన మా లారీ వాలకం చూసి నవ్వాడు. ముందు బిగించడు, తీగతో కట్టి ఇంజను స్టార్ట్ చేసి వినమంటాడు, నచ్చితేనే బిగింపు. అదీ అక్కడి పద్ధతి. ఒక్కోటి కట్టటం, మా ఆయన ఎక్కి రేజ్ చేయటం, బావగారు తల ఒకపక్కకి వాల్చి వినటం. నేను లారీ దిగి ఆ మూల నుంచి ఈ మూలకి, ఈ మూల నుంచి ఆ మూలకి. కాలు నిలిస్తే ఒట్టు.

చివరికి రెండు మిగిలాయి. ఒకటి లోపల వరసగా రేకులున్న బరువైనది. అది కడితే ఇంజను గొంతు నొక్కినట్టు అణిగిపోయింది. రెండోది డొల్లది, డ్రమ్ముకి రెండువైపులా గొట్టం పెట్టినట్టుంటుంది. పగిలినదానంత కాకపోయినా గట్టిగానే మోగింది.

"డొల్లదే వేయిద్దాం అన్నయ్యా. రేకులున్నదైతే పొగ లోపలే కుక్కుకుపోయి లోడు మీద బండి లాగదు" అన్నారు మా ఆయన.

"లాగదని ఎవడు చెప్పాడ్రా నీకు?" అన్నారు బావగారు, అటు తిరిగి పొగ గొట్టం చూస్తూ. మా ఆయన పలకలేదు. వినబడలేదు.

"ఏవండీ, లాగదని ఎవరు చెప్పారని బావగారు అడుగుతున్నారు!" అని నేను కేక పెట్టాను. కొట్టాయన ఉలిక్కిపడ్డాడు. అట్టా ఎన్నిసార్లు అందించానో ఆ పూట. నా గొంతు బొంగురుపోయింది, ప్రాణం విసిగిపోయింది.

"గొడవెందుకండీ, రేకులున్నది కట్టే ఉంది, బందరు రోడ్డు మీద ఒక చుట్టు తిప్పుకు రండి" అన్నాడు కొట్టాయన.

ముగ్గురం ఎక్కాం. మా ఆయన స్టీరింగ్ దగ్గర, నడుమ బావగారు, నేను కిటికీ పక్కన. బండి కదలగానే గేరు గరగరమంది. "ఏరా, ఏమైంది?" అన్నారు బావగారు. "కొత్తది కదా" అన్నాను నేను, గేరుకీ సైలెన్సర్‌కీ సంబంధం ఉన్నట్టు.

చాలా నెలల తర్వాత ఆ లారీలోకి బయటి చప్పుళ్ళు వచ్చాయి. సైకిల్ గంటలు, రిక్షావాళ్ళ అదిలింపులు అన్నీ. అప్పుడు వెనకనుంచి బస్సు హారన్ మొదలైంది. కొడుతున్నాడు, కొడుతున్నాడు, ఆపకుండా కొడుతున్నాడు. మా ఆయన దర్జాగా రోడ్డు మధ్యలో పోతున్నారు. ముందు ఒక రిక్షా అడ్డం వచ్చింది. దాన్ని తప్పించబోయి స్టీరింగ్ కుడికి తిప్పారు, అదే క్షణాన బస్సు మా పక్కకి దూరింది. ఓరి నాయనో! బావగారు ఒక్క గుంజు గుంజి స్టీరింగ్ ఎడమకి లాగారు. బస్సు కిటికీల్లో మొహాలు మా ఆయనకి అవతలగా నా కళ్ళముందు నుంచి పోయాయి. ఒక తల్లి చంటిదాని తల మీద చెయ్యి అడ్డం పెట్టుకుంది. కండక్టర్ బయటికి వంగి మా వంశం మొత్తాన్నీ తిట్టుకుంటూ వెళ్ళాడు.

"ఇదెప్పుడొచ్చింది?" అన్నారు మా ఆయన. నటన కాదు, నిజంగానే అడిగారు.

"అంతసేపట్నించీ హారన్ కొడుతుంటే!"

"కొట్టలేదన్నయ్యా. కొడితే తప్పుకోనా?"

బావగారు నా వైపు తిరిగారు. "నువ్వు విన్నావా అమ్మా?"

లేదు బావగారూ అంటే అయిపోయేది. నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఆ చంటిదాని తల కళ్ళముందు నుంచి పోవటంలేదు. సైలెన్సర్ పగిలిన అన్ని నెలల్లో మా వెనక ఎన్ని బస్సులు ఇట్టా మొత్తుకున్నాయో! ఆ మోతలో మాకెవరికీ వినబడలేదు కాబట్టి ఏమీ జరగనట్టే ఉన్నాం.

"విన్నాను. చాలాసేపట్నించి కొడుతున్నాడు" అన్నాను.

షెడ్డుకి తిరిగొచ్చాం. మా ఆయన దిగీ దిగటంతోనే డొల్లదాని దగ్గరికి పోయి దానిమీద చెయ్యి వేశారు. "ఇదే బిగించండి. దీనిమీద లోడు బాగా లాగుద్ది" అన్నారు. బావగారు నన్నే చూస్తున్నారు. అడగటానికి ఆయనకి నోరు రావటం లేదు. తమ్ముడి గురించి మరదల్ని ఏమని అడుగుతారు?

"రేకులున్నదే బిగించండి. ఈయనకి చెవులు వినబడవు బావగారూ" అన్నాను.

అరవలేదు. ఆయన ముందు మామూలు గొంతుతో మాట్లాడి ఎన్నేళ్ళయిందో నాకే గుర్తులేదు. కొట్టాయన పానా కోసం వెతుకుతున్నట్టు అటు తిరిగిపోయాడు. మా ఆయన నా నోటివైపే చూస్తున్నారు. వినబడలేదులే అనుకున్నాను ఒక్క క్షణం. ఆయన డొల్లదాని మీంచి చెయ్యి తీసేశారు. నన్ను తిట్టినా బాగుండేది, అందరిముందూ ఒక్కటి వేసినా పడేదాన్ని. లారీ దగ్గరికి వెళ్ళి, డ్రైవర్ సీటు మీదున్న తన తువ్వాలు తీసి దులిపి భుజాన వేసుకున్నారు. లారీ చుట్టూ తిరిగి వచ్చి, నేను ఎక్కే వైపు తలుపు నుంచి ఎక్కి కూర్చున్నారు. నాకు ఏడుపు ఆగలేదు. ఆటోనగర్ అంతా చూస్తుండగా కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను.

రేకులున్నదే బిగించారు. తిరుగు ప్రయాణంలో బావగారు నడిపారు. మా ఆయన నడుమ కూర్చున్నారు. చీర మాట ఎవరూ ఎత్తలేదు. ఇంటికెళ్ళాక ఈయన నాతో మాట్లాడతారా, అసలు ఇంట్లో ఉంటారా, ఎక్కడికన్నా పోతారా అని ఒకటే ఆందోళన. కూర్చున్నదాన్ని కూర్చున్నట్టు ఉండలేకపోయాను. చెయ్యి కిటికీ మీద పెడతాను, తీస్తాను, కొంగు సర్దుకుంటాను, మళ్ళీ సర్దుకుంటాను.

కంకిపాడు దాటాక బావగారు గేరు మార్చబోతే గరుక్కుమంది. ఆయన స్టీరింగ్ పట్టి ఏళ్ళయింది మరి. మా ఆయనకి అది కాళ్ళకింది రేకులోంచి తెలిసినట్టుంది.

"క్లచ్చి పూర్తిగా తొక్కు అన్నయ్యా" అన్నారు. బావగారు తొక్కారు. గేరు పడింది.

కాసేపటికి మా ఆయన నా వైపు వంగారు. అన్నయ్య వింటున్నాడన్న జంకు కూడా లేకుండా, తన చెవి తెచ్చి నా నోటి దగ్గర పెట్టారు.

"సౌండ్ ఎట్టా ఉందే?" అని అడిగారు.

"మెత్తగా ఉందండీ. బాగుంది" అన్నాను.

"అయితే మంచిదే తీసుకున్నాం" అన్నారు.