నాకు లేని రాళ్లు

నా కిడ్నీలో రాళ్లున్నాయన్న సంగతి నాకంటే ముందు చిత్తూరు బజారుకు తెలిసింది. ఆపరేషన్ అయిన మర్నాడు తిరుపతిలో ఆస్పత్రి మంచం మీద, చేతికి సెలైనుతో, పొట్ట మీద చిన్న చిన్న కట్లతో పడుకుని ఉన్నాను. మా వీధిలో ఉండే ఆయనొకడు ఫోన్ చేసి, రాళ్లు ఏ సైజువి, తీసినవి నీకు చూపించారా అని అడిగాడు. నాకు తలాతోకా అర్థం కాలేదు. నా భార్య ఫోన్ లాక్కుని, ఇంకా మత్తు దిగలేదని చెప్పి పెట్టేసింది. తర్వాత ఆరా తీస్తే తేలింది. మా నాయన నన్ను ఒక్క మాట కూడా అడక్కుండా, మా వాడికి కిడ్నీలో రాళ్లు తీస్తున్నారని ఊరంతా చెప్పేశాడు.

రాళ్లూ లేవు, రప్పలూ లేవు. నేను లావు తగ్గడానికి ఆపరేషన్ చేయించుకున్నాను.

మాది బెల్లం మండీ. చుట్టుపక్కల రైతులు గానుగాడించిన బెల్లం మా దగ్గర దించుతారు. తమిళనాడు నుంచి వచ్చే వ్యాపారులు కొనుక్కుపోతారు. మధ్యన కూర్చుని ఏ బెల్లం ఎలాంటిదో చెప్పి రేటు పలకడం మా పని. రంగు కంటికి తెలుస్తుంది, గట్టిదనం వేలికి తెలుస్తుంది, కానీ ఆఖరి మాట నాలుకదే. దిమ్మ అంచు విరిచి, రైతు చూస్తుండగా నోట్లో వేసుకోవాలి, మింగాలి. ఉమ్మితే ఆయన కష్టం మీద ఉమ్మినట్టే. గుమాస్తా తిని చెబుతానంటే ఒప్పుకోరు, గద్దె మీద కూర్చున్నవాడే తినాలి. సీజనులో పొద్దున్నే మొదలుపెడితే మధ్యాహ్నం భోజనం వేళకు నా కడుపులో ఎంత బెల్లం ఉండేదో ఆ దేవుడికే తెలియాలి. భోజనం మళ్లీ మామూలే, అందులో మొహమాటం ఏమీ లేదు.

ఆ విధంగా ఒళ్లు పెంచాను. మోకాళ్లు మొరాయించాయి, షుగర్ వచ్చింది, పడుకుంటే ఊపిరి ఆగి ఆగి వచ్చేది. నా గురకకు కాదు, గురక ఆగినప్పుడు భయమేస్తోందని నా భార్య ఏడ్చింది. ఇక సలహాలు. కాకరకాయ రసం తాగమన్నవాడు ఒకడు, రాగి సంకటి ఒక్కటే తినమన్నవాడు ఒకడు, నడిచి కొండెక్కితే అన్నీ కరిగిపోతాయన్నవాడు ఇంకొకడు. నేను మూడూ చేశాను. కొండ దిగి వచ్చాక ఆకలికి తిన్న తిండి గురించి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

చివరికి తిరుపతి డాక్టరు బొమ్మ గీసి చూపించాడు. కడుపులో పైభాగాన్ని చిన్న సంచిలా వేరుచేసి కుట్టి, పేగును తెచ్చి దానికి కలుపుతారట. కొంచెం తింటేనే నిండిపోతుందట. తీపి జోలికి మాత్రం పోవద్దన్నాడు. చక్కెర గానీ బెల్లం గానీ ఉన్నపళంగా పేగులోకి దిగితే గుండె దడ, చెమటలు, కళ్లు తిరగడం, ఒక్కోసారి పడిపోవడం కూడా ఉంటాయన్నాడు. నాకు బెల్లం మండీ ఉందని చెప్పాను. ఆయన నవ్వాడు. నేను నవ్వలేదు.

నాయనకు చెప్పినప్పుడు ఆయన పొగాకూ తమలపాకూ నమలడం ఆపి నన్ను పైనుంచి కిందికి చూశాడు. వద్దనలేదు, సరేననలేదు. నేను తిరుపతి వెళ్లగానే రాళ్ల కథ అల్లాడు. తిండి ఆపుకోలేక కడుపు కోయించుకున్నాడంటే బజారు నవ్వుతుందని ఆయన బాధ. రాళ్లయితే మర్యాద. రాళ్లు ఎవరికైనా వస్తాయి.

ఆ మర్యాదకు మూల్యం నేను చెల్లించాను. ఆస్పత్రికి వచ్చిన ప్రతి చుట్టమూ, ఎలాగూ తిరుపతి దాకా వచ్చాం కదా అని ముందు కొండకెళ్లి దర్శనం చేసుకుని వచ్చేవాడు. నా మంచం పక్కన బల్ల మీద లడ్డూల మీద లడ్డూలు పేరుకున్నాయి. నేను మందు కొలిచే చిన్న కప్పులో నీళ్లు పోసుకుని గుక్క గుక్కగా తాగుతున్నాను, అది కూడా డాక్టరు చెప్పినంత మెల్లగా. ఇంటికొచ్చాక రాళ్ల వైద్యం మొదలైంది. అరటిదూట రసం ఒకరు క్యానులో పోసి బస్సులో పంపించారు. ఉలవకట్టు ఒకరు పట్టుకొచ్చి, తాగేదాకా లేవనని కూర్చున్నారు. ఒక గుక్క ఎక్కువైతే కుట్లు లాగి వాంతికొచ్చే కడుపు నాది. వీళ్లకేమో లేని రాళ్లు కరగాలి. నా భార్య ఆ రసాలన్నీ పెరట్లో కరివేపాకు చెట్టుకు పోసింది.

అర ఇడ్లీ తినడానికి అరగంట పట్టేది. తలదువ్వుకుంటే జుట్టు దువ్వెనలోకి వచ్చేది. చొక్కాలు ఎవరివో తొడుక్కున్నట్టు వేలాడేవి. అన్నాళ్లూ లావయ్యావు లావయ్యావు అని నన్ను పీక్కుతిన్న మనుషులే ఇప్పుడు, అయ్యో ఇలా చిక్కిపోయావేమిటి, బాగా తిను అని మొదలుపెట్టారు. రాళ్లకే ఇంతగా చిక్కుతారా, ఇంకేదో పెద్ద జబ్బు దాస్తున్నారని కూడా అనుకున్నారట. నాకు ఒళ్లు మండిపోయేది. నిజం చెప్పేద్దామా అంటే నాయన ముఖం తిప్పుకునేవాడు. గొడవెందుకులే అని నా భార్య సర్దిచెప్పేది.

మెట్లెక్కినా ఆయాసం రాకుండా, రాత్రి గురక లేకుండా, షుగర్ మాత్రలు తగ్గి మండీకి తిరిగొచ్చే సరికి మళ్లీ బెల్లం సీజను వచ్చింది. గద్దె మీద కూర్చున్నాను. నాయన ఎప్పటిలాగే ఎదురుగా తన కుర్చీలో కూర్చున్నాడు. నేను దిమ్మ విరిచి, నువ్వుగింజంత తీసి నాలుక చివర తగిలించి, తల ఊపి, వాసనతో రంగుతో లెక్కగట్టి రేటు చెప్పేవాణ్ణి. కొన్నాళ్లు బండి నడిచింది.

ఒకరోజు పొద్దున ఒక పెద్దాయన లోడు దించాడు. మా మండీకి చాలా ఏళ్లుగా వస్తున్న రైతు. బెల్లం తెల్లగా మెరవడానికి చాలామంది పాకంలో మందు కలుపుతారు. ఈయన కలపడు. ఆ ఏడు చెరకంతా ఈ ఒక్క లోడేనని, దీన్నమ్మి మనవరాలిని కాలేజీలో చేర్పించాలని దించుతూనే చెప్పాడు. నేను నువ్వుగింజంత తీయబోతే ఆయనకు కోపమొచ్చింది. తనే దిమ్మ విరిచి ఉసిరికాయంత ముక్క నా అరచేతిలో పెట్టాడు. కిడ్నీ రాళ్లకు బెల్లమేం చేస్తుందని నవ్వాడు. అందరూ చూస్తున్నారు. తిననని చెప్పడానికి నా దగ్గర కారణం లేదు, ఉన్న ఒక్క కారణాన్నీ నాయన మింగేశాడు. నోట్లో వేసుకున్నాను.

ఎన్ని నెలలైందో నోటినిండా తీపి తగిలి. చెరకు తోటలో నిలబడ్డంత వాసన, వెనకాల సన్నటి ఉప్పదనం, ఎక్కడా చేదు లేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. అంత మంచి బెల్లం నేను ఆ సీజనులో చూడలేదు. ఆ మాట చెబుదామని నోరు తెరిచే లోపలే గుండె దడదడలాడింది. చొక్కా చెమటకు తడిసి ఒంటికి అంటుకుంది. కళ్లు బైర్లు కమ్మాయి. గోనెసంచుల మీద కూలబడిపోయాను.

నన్ను ఆటోలో ఇంటికి చేర్చారు. కాసేపు పడుకుంటే తగ్గిపోయింది, డాక్టరు ముందే చెప్పినట్టు. అసలు తలనొప్పి మర్నాడు గుమాస్తా ఫోన్ చేశాక మొదలైంది. పెద్దాయన బెల్లంలో ఏదో కలిపాడట, తిన్న మండీ ఆయనే పడిపోయాడట. బజారంతా ఇదే మాట. తమిళ వ్యాపారులు ఆ లోడు వైపు చూడకుండా పక్క మండీకి వెళ్లారు. పెద్దాయన ఇంటికి పోకుండా బెల్లం పక్కనే కూర్చుని ఉన్నాడు.

నేను పడిపోయిన రోజంతా నాయన మండీలోనే ఉన్నాడు. నేనెందుకు పడిపోయానో తెలిసిన మనిషి అక్కడ ఆయన ఒక్కడే. నోరు విప్పలేదు.

ఆ రోజు మా ఇంట్లో నేను అరిచిన అరుపులకు ఎదురింటి వాళ్లు కిటికీలు తెరిచారు. నిజం చెప్పకపోతే ఆ మనిషి బెల్లం ఇక ఏ మండీలోనూ అమ్ముడుపోదని, పేరు పోతే మళ్లీ రాదని అన్నాను. నాయన గోడ వైపు చూస్తూ కూర్చున్నాడు. రెండు రోజులు పోతే జనమే మర్చిపోతారన్నాడు. రెండు రోజులు పోతే బెల్లం చెమ్మగిల్లుతుందని ఆయనకు నేను చెప్పాలా? చొక్కా వేసుకుని మండీకి బయలుదేరాను. వెనకే నాయన కర్ర చప్పుడు వినిపించింది. నన్ను ఆపడానికే వస్తున్నాడనుకున్నాను.

మిగతా రైతుల బెల్లం కోసం వ్యాపారులు మళ్లీ మా మండీకి వచ్చిన సమయం. గద్దె ఎక్కలేదు, పెద్దాయన పక్కన నిలబడ్డాను.

"నాకు రాళ్లూ లేవు, ఏమీ లేవు. లావు తగ్గల్లని కడుపు కోయించుకున్నా. తీపి తింటే నాకింగ అట్లనే అయితాది. ఈయన బెల్లంలో ఏ మందూ లేదు" అన్నాను.

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. నవ్వితే నవ్వనీ అనుకున్నాను. పెద్దాయన మాత్రం నవ్వలేదు. నా వైపు తిరిగి అడిగాడు.

"ఇంగ ఎప్పుటికీ తినలేవా?"

"తినలేను అన్నా."

"అట్లయితే మా బెల్లం ఎవురు సూస్తారప్పా?"

అన్ని నెలల్లో, ఆస్పత్రిలో గానీ ఇంట్లో గానీ, నాకు రాని ఏడుపు అక్కడ వచ్చింది. సన్నబడ్డాను, బతికాను, నాకు తెలిసిన ఒక్క పనీ చేతకాకుండా పోయింది. ఒక తమిళ వ్యాపారి కూడా అదే పట్టుకున్నాడు. జాలిపడి చెబుతున్నారేమో, ఎవరైనా గద్దె మీద కూర్చుని తిని చెబితేనే ధర పాడతానన్నాడు. అతనన్నదాంట్లో తప్పేమీ లేదు, మండీ పద్ధతే అది.

అప్పుడు నాయన నన్ను పక్కకు జరిపి, కర్ర గోడకానించి, గద్దె ఎక్కి కూర్చున్నాడు. ఆయనకు షుగర్ నాకంటే ముందు నుంచి ఉంది. బెల్లం ముట్టుకోవద్దని డాక్టర్లు ఏనాడో చెప్పారు. దిమ్మ విరిచి, చిన్న ముక్క కూడా కాదు, పెద్ద ముక్కే నోట్లో వేసుకుని, అందరూ చూస్తుండగా మెల్లగా నమిలి మింగాడు. మందు లేని అసలైన బెల్లమని, ఈ సీజనులో ఇదే మొదటి రకమని చెప్పి రేటు పలికాడు. వ్యాపారులు దిమ్మల చుట్టూ చేరారు. మధ్యాహ్నానికి లోడు లారీ ఎక్కింది.

ఇంటికి రాగానే ఆయన వేలు గుచ్చి షుగర్ చూశాను. మిషన్ మీద అంకె చూసి నా భార్య తల పట్టుకుంది. నేను మళ్లీ తిట్లు లంకించుకున్నాను. ఈ వయసులో అంత ముక్క తినడం అవసరమా, కాస్త రుచి చూస్తే సరిపోదా, రుచి తెలియడానికి అంత కావాలా అని.

"ఎంత తిన్యా నాకు తెలీదు రా" అన్నాడు నాయన. "తీపి తెలిసి చానా ఏండ్లాయ. పొగాకుకు నాలుక సచ్చిపొయ్యుండాది. అందుకే గదా నిన్ను గద్దె మింద కూసోబెట్టింది."

నాకు తెలివి వచ్చిందని ఇచ్చాడనుకున్నాను ఆ గద్దె.

"మరి మొదటి రకమని ఎట్ల సెప్పినావు?"

"నిన్న నువ్వు నోట్లో ఏసుకున్నప్పుడు నీ మొకం సూసినా గదరా" అన్నాడు. "పడిపోకముందు."