ఇంటికి ఒక్క హీటరు

ఆ నాలుగంతస్తుల భవనంలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్లే లేరు. చిన్నా పెద్దా అందరికీ ఆమె మిషనక్క. కింద మెట్ల పక్కనున్న ఇరుకు గదిలో ఒక కుట్టుమిషను, ఒక బల్ల, గోడకు ఆనించిన ముక్కల గోతాలు. పాడైన జిప్పులు మార్చడం, పొడుగు ప్యాంట్లు కురచ చేయడం, పాత కోట్లకు కొత్త లైనింగు వేయడం ఆమె పని. భర్త బస్సు డ్రైవరు. కాపురం మూడో అంతస్తులో, రెండు గదుల ఇంట్లో. వీళ్లిద్దరితో పాటు ఆయన తల్లి కూడా అక్కడే ఉండేది.

అత్తగారికి రెండేళ్ల కిందట తుంటి విరిగింది. అప్పటినుంచి ముందుగది కిటికీ పక్కన వేసిన మంచమే ఆవిడ లోకం. ఎదురింటి మంగలి ఎన్నింటికి షాపు తీశాడో, ఎవరి గొడుగు గాలికి తిరగబడిందో, పోస్టుమాన్ ఎవరితో నవ్వుతూ మాట్లాడాడో సాయంత్రానికి పూసగుచ్చినట్టు చెప్పేది. కోడలికి ఆ కబుర్లు వినకపోతే రోజు గడిచినట్టే ఉండేది కాదు.

కిందటి చలికాలం ఆ ఇంటికి గట్టి దెబ్బే కొట్టింది. చలి ముదిరిన వారంలో ఇంటింటా రెండేసి మూడేసి హీటర్లు పెట్టారు. పాత వైరింగు తట్టుకోలేకపోయింది. మెట్ల కింద మెయిన్ బోర్డు భగ్గున కాలి, భవనమంతా రెండు రోజులు కరెంటు లేకుండా పోయింది. ఆ చలికి అత్తగారికి నెమ్ము చేసి పదిరోజులు ఆసుపత్రిలో ఉంది. బతికి బట్టకట్టింది కానీ, దగ్గు మాత్రం ఎండాకాలం దాకా వదల్లేదు.

ఈసారి చెట్ల ఆకులు రాలడం మొదలవగానే ఎలక్ట్రీషియన్ వచ్చి బోర్డంతా తిరగేసి చూశాడు. కొత్త తీగలు వేయాలంటే ఎండాకాలం రావాల్సిందేనన్నాడు. ఆ సాయంత్రం అందరూ మెట్ల మీద సమావేశమయ్యారు. రెండో అంతస్తు లెక్కల మాస్టారు చేతులు వెనక్కి కట్టుకుని తీర్పు చెప్పారు.

"ఇంటికి ఒక్క హీటరు. ఒక్కటంటే ఒక్కటే. రెండోది పెట్టినవాళ్లు మన అందరి ఇళ్లల్లో దీపాలూ ఆర్పినట్టే."

మిషనక్క తల ఎత్తి మూడో అంతస్తు వైపు చూసింది. కిందటేడు వాళ్లింట్లో రెండుండేవి. ఒకటి ఎప్పుడూ అత్తగారి మంచం పక్కనే.

"అమ్మను లోపలి గదిలోకి మార్చేద్దాం. దానికి కిటికీ లేదు, వెచ్చగా ఉంటుంది," అన్నాడు భర్త ఇంట్లోకి రాగానే.

అత్తగారు మంచం మీంచే మండిపడింది. "గోడకేసి చూస్తూ కూర్చోమంటావా? గోడ నాకేం కబుర్లు చెబుతుందిరా? వణుకుతూనైనా ఇక్కడే ఉంటా."

"మళ్లీ ఆసుపత్రి పాలవుతావమ్మా!"

"అక్కడా నాకు కిటికీ పక్క మంచమే ఇచ్చారు."

తల్లీకొడుకులు రెండు రోజులు ఎడమొహం పెడమొహంగా ఉన్నారు. మధ్యలో ఎవరికి వత్తాసు పలకాలో మిషనక్కకు తెలియలేదు. భర్త భయం అబద్ధం కాదు. అత్తగారి మాటా అబద్ధం కాదు.

ఆదివారం గాలి ఈడ్చి కొడుతోంది. మంచం అంచున కూర్చుని అత్తగారి స్వెట్టరు చేతికి కుట్టు వేస్తుంటే మిషనక్క మణికట్టుకు చల్లగా గాలి తగిలింది. కిటికీ చూస్తే మూసే ఉంది. ఆమె లేచి కొవ్వొత్తి వెలిగించి, కిటికీ చుట్టూ మెల్లగా తిప్పింది. అద్దం ముందు మంట నిలకడగా ఉంది. రెక్క అంచు దగ్గర పక్కకు వాలింది. కింది చెక్కకూ గోడకూ మధ్య సందు దగ్గరకు రాగానే టప్పున ఆరిపోయింది.

"అత్తయ్యా, చలి ఎక్కువగా అద్దంలోంచి రావట్లేదు. ఈ సందుల్లోంచి దూరుతోంది."

"ఇన్నాళ్లూ ఈ దొంగను పక్కలో పెట్టుకుని పడుకున్నానా!" అంది అత్తగారు.

మిషనక్క గబగబా దుకాణానికి దిగి, కోట్లు కురచ చేసినప్పుడు మిగిలిన మందపాటి ఉన్ని ముక్కల గోతం మోసుకొచ్చింది. వేలెడు వెడల్పు పట్టీలుగా కత్తిరించి, మడతపెట్టి కుట్టి, రెక్కల అంచుల్లో అతికించింది. తీరా చూస్తే కిటికీ మూతపడలేదు. పట్టీలు మరీ లావయ్యాయి. పొద్దుటి నుంచి చేసిన పనంతా పీకి పారేయాల్సి వచ్చింది. ఈసారి ఒక్కో సందును టేపుతో కొలిచి, ఎక్కడికి తగ్గ మందం అక్కడ కుట్టింది. కింది సందులో గుడ్డ దట్టించింది. తలుపు కింద పెట్టడానికి పొడవాటి సంచీలో పీలికలు కూరి కుట్టింది. దానికి కొండచిలువ అని అత్తగారే పేరు పెట్టింది. కిటికీ కింద ఉన్న హీటరును పరదాకూ మంచానికీ దూరంగా, గది లోపలివైపు జరిపారు. దళసరి లైనింగు వేసిన పరదా పగలంతా పక్కకు కట్టి ఉండేది, పొద్దువాలగానే మూసేవాళ్లు.

కోటు గుండీ కుట్టించుకోవడానికి వచ్చిన మాస్టారు సంగతి విని పెదవి విరిచారు.

"గుడ్డపీలికలతో చలి ఆగుతుందా అమ్మా? కొలత లేని మాట నేను నమ్మను."

"అయితే కొలవండి మాస్టారూ."

ఆయన నిజంగానే థర్మామీటరు తెచ్చి అత్తగారి గదిలో గోడ మేకుకు తగిలించారు. అలాంటిదే ఇంకొకటి తన గదిలో పెట్టుకున్నారు. రెండు గదులూ ఒకే కొలత, హీటరూ ఒకే రకం. మూడు రోజులు పొద్దునా సాయంత్రం వచ్చి నోటుపుస్తకంలో రాసుకున్నారు. మూడో రోజు తన గదిలో పద్నాలుగు డిగ్రీలుంటే ఇక్కడ పద్దెనిమిది. థర్మామీటరు పాడైందేమోనని దులిపి చూశారు. కింది దాన్ని పైకీ, పైదాన్ని కిందికీ మార్చి చూశారు. తేడా తేడాలాగే ఉంది.

"దాన్నెంత దులిపినా మీ ఇంటి చలి రాలిపడదు మాస్టారూ," అంది అత్తగారు.

మాస్టారు గొంతు సవరించుకుని మిషనక్క వైపు తిరిగారు. "మా ఇంటికి ఎప్పుడొస్తావమ్మా?"

ఆ తర్వాత నెలంతా ఇద్దరికీ ఊపిరి సలపలేదు. మాస్టారు కొవ్వొత్తి పట్టుకుని ముందు నడిచేవారు. మంట వణికినచోటల్లా సుద్దముక్కతో గీత గీసేవారు. మిషనక్క వెనకాలే కొలతలు తీసుకునేది. నాలుగో అంతస్తులో ఓ బాలింత ఉంది. ఆమె మంచం వెనక దుప్పటి కప్పిన రెండో హీటరు కనబడింది. మాస్టారి ముఖం కందగడ్డయింది.

"ఇదేమిటమ్మా, అందరం ఒక మాట అనుకున్నాక?"

ఆ పిల్ల కళ్లనీళ్లు పెట్టుకుంది. "నెల కూడా నిండని బిడ్డండీ. ఏం చెయ్యమంటారు?"

మిషనక్క ముందుగా ఆ హీటరు మీది దుప్పటి లాగేసింది. "దీనిమీద గుడ్డ కప్పకు తల్లీ, అంటుకుంటుంది," అని, మాస్టారి వైపు చూసింది. "ముందు ఈ గది సందులు పూడుద్దాం మాస్టారూ. తిట్లు తర్వాత కూడా తిట్టొచ్చు."

మిగతా ఇళ్ల పని పక్కన పెట్టి రెండు రోజుల్లో ఆ గది పూర్తిచేసింది. మూడో రోజు బాలింత వాళ్లన్నయ్య రెండో హీటరును మోసుకొచ్చి మాస్టారి గుమ్మంలో పెట్టి, "మా చెల్లెలు ఇక అక్కర్లేదంది," అని చెప్పి వెళ్లాడు. మాస్టారు తిట్టాలన్న సంగతే మర్చిపోయారు.

నడి చలికాలంలో గొట్టాల్లో నీళ్లు గడ్డకట్టే వారం రానే వచ్చింది. బోర్డు దగ్గర ఎలక్ట్రీషియన్ చెయ్యి పెట్టి చూసి, వేడెక్కలేదని తలూపి వెళ్లిపోయాడు. డ్యూటీ నుంచి వచ్చిన భర్త ముందుగదిలో కోటు విప్పి, తల్లి మంచం పక్కన కింద పరుపు వేసుకుని నిద్రపోయాడు. అత్తగారు ఆ చలికాలమంతా ఒక్కసారి కూడా ఆసుపత్రి గడప తొక్కలేదు.

వెనకవీధి భవనంవాళ్లు కూడా కబురు పెట్టారు. ఒక్కదానివల్ల అయ్యే పని కాదని మిషనక్క, బట్టల ఫ్యాక్టరీ మూతపడి ఇంట్లో కూర్చున్న ఇద్దరు ఆడవాళ్లను తోడు తెచ్చుకుంది. కొండచిలువల్లో పీలికలు కూరే పని అత్తగారు తనకే కావాలని పట్టుబట్టింది.

"కూర్చుని చేసే పనేగా! ఇలా తే సంచీ," అంది.

మిషనక్క గోతం తెచ్చి మంచం మీద గుమ్మరించింది. ఇద్దరూ రంగులు ఏరుతూ కూర్చున్నారు.