చప్పుడు చెయ్యని అక్షరాలు

తొంభైల్లో మేడ్చల్ రోడ్డు మీద బోర్డులు రాసే పెయింటర్ ఒకాయన ఉండేవాడు. పళ్ల డాక్టరుకైనా కల్లు దుకాణానికైనా ఆయన రాసేవి ఒకే తీరు అక్షరాలు. తెల్లటి రేకు మీద నీలం రంగు, అంతటా ఒకే మందం. తోక లేదు, నీడ లేదు, పువ్వు లేదు. ఎవరైనా సోకులు కావాలంటే, ముల్లోకాలూ ఆగిపోయేట్టు బ్రష్షు పైకెత్తి, "అక్షరం సప్పుడు జెయ్యొద్దు" అనేవాడు.

అత్వెల్లి దగ్గర కొత్తగా తెరిచిన దాబాకూ అలాగే రాశాడు. వారం తిరక్కుండా దాబా యజమాని లబలబలాడుతూ వచ్చాడు. నేనప్పుడు నా స్కూటరుకు నంబరు రాయించుకుంటున్నాను.

"అన్నా, నీ బోర్డు జూసి లారీలోళ్లు చెక్‌పోస్టనుకుంటున్నరు! సదవకముందే ఉరుకుతున్నరు. వండిన కూర వండినట్టే ఉంది. గా అక్షరాలకు జర పువ్వులన్న పెట్టు, లేకుంటే దాబా మూసుడే."

పెయింటర్ ముఖం శామీర్‌పేట చెరువు ఎండినంత దిగాలైంది. "అక్షరం ముట్ట. పక్కకు కోడిని గీస్త" అన్నాడు.

గీశాడు, ఏనుగంత కోడిని. ఆ వింత చూడాలని నేనూ వెంట వెళ్లాను. రంగు ఆరకముందే ఒక లారీ ఆగింది. డ్రైవరు కాగితాలు పట్టుకుని దిగి, యజమానికి నడుం విరిగేట్టు వంగి దండం పెట్టాడు.

"సారూ, నా బండిల కోళ్లు లెవ్వు, సిమెంటే ఉంది. జర సూసి ఇడిసిపెట్టుండ్రి."

యజమాని నోరు తెరిచేలోపే పెయింటర్ ఆ కాగితాలు అందుకుని, కుర్చీ ముందుకు జరిపాడు.

"సూస్తంగని, ముందుగాల కూసొని తిను."