మహబూబ్‌నగర్ సభలో తాళం తప్పింది నేనే

మా తాళవాద్య బృందంలో నలుగురం ఉండేవాళ్లం. నాది మృదంగం. నల్లగొండలో ఒక బడిలో లెక్కలు చెబుతూ సెలవురోజుల్లో వాయించేవాణ్ణి. బ్యాంకులో పనిచేసే నా స్నేహితుడిది ఘటం. పోచంపల్లి నుంచి వచ్చే చేనేత ఇంటి ఆడబిడ్డది కంజీర. నాలుగో అతనిది డప్పు. రామన్నపేట దగ్గరి పల్లె. సొంత ఆటో నడుపుకునేవాడు. డప్పు తండ్రి దగ్గర నేర్చుకున్నాడు.

నలుగురికీ అందుబాటులో ఉంటుందని చిట్యాలలో హైవే పక్కన ఒక పైగది కిరాయికి తీసుకున్నాం. ఆదివారం పొద్దున సాధన. తోలు బిగియాలంటే సెగ తగలాలి కాబట్టి అతను డాబా మీద పాత పేపర్లు కాల్చి డప్పు కాపుకునేవాడు. కింది నుంచి ఇంటామె కేకలేసేది.

"ఓ తమ్మీ, నా ఇల్లు గిట్ల అంటువెడ్తవా ఏంది?"

"అంటుకుంటె పైనున్న మేమే ముందుగాల కాల్తం అక్కా. నువ్వు ఫికర్ జెయ్యకు."

ఆలోగా నేను మృదంగం ఎడమ మూతకు రవ్వ ముద్ద అద్దుకునేవాణ్ణి. అది చూసి, "నీది ఉప్మా తింటది సారూ, నాది నిప్పు తింటది" అని నవ్వేవాడు.

మామూలుగా ఇలాంటి బృందాల్లో అందరూ మృదంగం చేతులు చూస్తూ వాయిస్తారు. నేను ఒక మార్పు చేశాను. తాళం డప్పు చేతిలో పెట్టాను. మేం ముగ్గురం ఎక్కడెక్కడ తిరిగినా, ఎనిమిది అక్షరాల, అంటే ఎనిమిది లెక్కల, ఆవర్తనం చెదరకుండా అతను పట్టుకోవాలి. ఆవర్తనంలో మొదటి దెబ్బను సమం అంటాం. చివర్లో ఒకే జతిని, అంటే ఒకే దెబ్బల వరసను, మూడుసార్లు వాయించి, నలుగురం కలిసి సమం మీద ఆగాలి. దాన్ని తీర్మానం అంటాం.

"ఎవరు తప్పినా నువ్వు తప్పొద్దు తమ్మీ. మా చేతులు చూడకు" అని చెప్పాను.

"సరే సారూ. మీరంత బావిల పడ్డా నేను ఒడ్డు మీదనే ఉంట."

రాష్ట్రం వచ్చిన కొన్నేళ్లకు మహబూబ్‌నగర్‌లో ఒక సభకు మమ్మల్ని పిలిచారు. పొద్దున పదకొండుకు కార్యక్రమం. దేవరకొండ, కల్వకుర్తి మీదుగా కారులో వెళ్లాం. మా ఊరి సంగీత పాఠశాల నడిపే పెద్దమనిషి కూడా ఆ సభకు వస్తున్నాడు. తన బడిలో డప్పు తరగతి పెట్టాలని ఆయన ఆలోచన. నేర్పడానికి మనిషి కావాలి. "మీవాణ్ణి ఒకసారి వేదిక మీద చూస్త" అని నాతో అన్నాడు. ఆ సంగతి మా డప్పు అతనికీ తెలుసు. దారిలో అందరం కునుకు తీస్తుంటే అతనొక్కడే మాట్లాడాడు.

"మా బాపు పెండ్లికి కొట్టిండు, చావుకు కొట్టిండు. బడిల నిలవడి పిల్లలకు నేర్పుడు మా ఇంట్ల నేనే మొదలైత సారూ."

సభ బాగానే సాగింది. చివరికి తీర్మానం ఎత్తుకున్నాం. జతికీ జతికీ మధ్య రెండు అక్షరాలు ఆగాలి. మొదటిసారి సరిగ్గానే ఆగాను. రెండోసారి ఆగినప్పుడు ఫొటోగ్రాఫర్ వేదిక ముందుకొచ్చి కెమెరా ఎత్తాడు. ఫొటోలో ముఖం బాగా పడాలని తల తిప్పాను. రెండు ఆగాల్సినవాణ్ణి ఒకటే ఆగి మూడో జతి మొదలుపెట్టాను. పక్కన కూర్చున్న ఘటం, కంజీర నా చేతులు చూసి నాతోపాటే వచ్చేశారు. ముగ్గురం ఒక అక్షరం ముందే దిగి ఆగిపోయాం. వెనక నిలబడ్డ డప్పు మాత్రం, నేను చెప్పినట్టే మా చేతులు చూడకుండా, అసలు సమం ఎక్కడుందో అక్కడే పడింది. అందరూ ఆగిపోయిన హాలులో ఆ ఒక్క దెబ్బ వినిపించింది.

జనం నవ్వారు. ముందువరసలో పాఠశాల పెద్దమనిషి పక్కాయన చెవిలో ఏదో చెప్పి నవ్వాడు.

తెర వెనక అతను నా దగ్గరికి వచ్చి మెల్లగా అడిగాడు. "సారూ, రెండో ఆగుడు కాడ నువ్వు ఒక్కటే ఆగినవ్ గదా?"

అప్పటికే పాఠశాల పెద్దమనిషి మమ్మల్ని పలకరించడానికి లోపలికి వస్తున్నాడు. నేను గొంతు పెంచి, "లేదు తమ్మీ, నువ్వే ఒకటి ఎక్కువ లెక్కపెట్టినవ్" అన్నాను.

అది నేను తెలియక అన్న మాట కాదు. మూడో జతి మొదటి దెబ్బ పడగానే నాకు తెలిసింది. లెక్కలు చెప్పేవాణ్ణి, ఒకటికీ రెంటికీ తేడా తెలియకపోవడం ఉండదు.

అతను నన్ను చూసి, పెద్దమనిషిని చూసి, డప్పు సంచిలో పెట్టుకున్నాడు.

తిరుగుదారిలో కల్వకుర్తిలో చాయ్‌కి ఆగాం. ఘటం స్నేహితుడు ఆటపట్టించాడు. "తమ్మీ, గా ఆఖరు దెబ్బ ఎవ్వలకు కొట్టినవ్‌రా?"

"దేవునికి కొట్టిన అన్నా. మనుషులకు ఇనవడలే."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

వారం తర్వాత పాఠశాల నుంచి ఫోను వచ్చింది. "మంచిగనే కొడ్తడు గాని, శాస్త్రం ఒంటికి వట్టినట్టు లేదు. ఏమంటరు సార్, తీసుకుందమా?" అతనికి తాళం గట్టిగా ఉందని చెబితే, మరి ఆరోజు తప్పిందెవరన్న ప్రశ్న వస్తుంది. "ఇంకొన్నాళ్లు సాధన కావాలి" అన్నాను. వాళ్లు వేరే అతన్ని తీసుకున్నారు.

తర్వాత రెండు ఆదివారాలు అతను చిట్యాలకు వచ్చాడు. మూడో ఆదివారం నుంచి రాలేదు. ఫోను చేస్తే, "ఆటోకు గిరాకీ ఉన్నది సారూ" అన్నాడు. కొట్లాట ఏమీ జరగలేదు. నేను మాత్రం ఆ దెబ్బ సంగతి నా దగ్గర మృదంగం నేర్చుకునేవాళ్లకు కథలా చెప్పడం మొదలుపెట్టాను. లెక్క లేకుండా వాయిస్తే ఏమవుతుందో చూడండి, అని. ఎన్నిసార్లు చెప్పానో గుర్తులేదు. ఈ మొత్తంలో చెప్పుకోవడానికి నాకు అన్నిటికన్నా కష్టంగా ఉన్నది ఇదే.

పోయిన ఏడాది ఒక సాధనలో కంజీర వాయించే ఆమె ఫోనులో ఆనాటి సభ వీడియో పెట్టింది. తొడ మీద తాళం వేస్తూ మూడుసార్లు చూసింది.

"అన్నా, మనం ముగ్గురం ముందుగాల దిగినం. ఆయన మంచిగనే ఉన్నడు."

నేను మృదంగం మూత మీది రవ్వ గీకుతూ కూర్చున్నాను.

"మా ఇంట్ల పోగుల లెక్క ఒక్కటి తప్పితె బట్ట మీద పువ్వు వంకర వడ్తది. ఎవ్వల చెయ్యి తప్పిందో దాపెట్టరాదు. నీకు తెల్సా గిది?"

"తెలుసు."

"ఎప్పటి సంది?"

"అప్పటి సంది."

ఆమె కంజీర సంచిలో వేసుకుని, సాధన మధ్యలోనే మెట్లు దిగి వెళ్లిపోయింది.

తెల్లారి రామన్నపేట వెళ్లాను. బస్టాండు దగ్గర ఆటోల వరసలో ఉన్నాడు. కొంచెం లావయ్యాడు. తప్పింది నేనని, తెలిసే అబద్ధమాడానని, పాఠశాలకు ఫోనులో చెప్పింది కూడా నేనేనని మొత్తం చెప్పాను. ఫోను సంగతి అతనికి కొత్త.

"మీరు గిది నాకెందుకు చెప్తున్నరు సారూ? నాకు ఎరుకే గదా నేను తప్పలేదని. ఎరుక లేనోళ్లకు చెప్పుండ్రి."

ఇదివరకు నువ్వు అనేవాడు.

అక్కడి నుంచి నేరుగా పాఠశాలకు వెళ్లాను. పెద్దమనిషి అంతా విని, "ఇప్పుడేం జేద్దం సార్? గా జాగల ఉన్నాయన మంచోడు, తీసేస్తమా?" అన్నాడు. తీసేయమని నేను అడగలేదు, అడగకూడదు కూడా. అతను తప్పాడని మీరు ఎవరెవరికి చెప్పారో వాళ్లకు నిజం చెప్పండి అని మాత్రం అడిగాను. సరే అన్నాడు. చెప్పాడో లేదో తెలియదు. అందుకే ఇది రాస్తున్నాను.

రాసిన కాగితాలు పట్టుకుని డప్పు అతని ఇంటికి వెళ్లి చదివి వినిపించాను. పేర్లు పెట్టొద్దన్నాడు, పెట్టలేదు. మంచం పట్టె మీద వేళ్లతో మెల్లగా కొడుతూ విన్నాడు. చివరికి వచ్చేసరికి చెయ్యి అడ్డం పెట్టాడు. అక్కడ నేను, 'అతను నన్ను క్షమించాడు' అని రాసుకున్నాను.

"గా మాట నేనెప్పుడన్న సారూ?"

"అనలేదు."

"మరెందుకు రాసిండ్రు?"

నేను పెన్ను కోసం జేబు తడుముకున్నాను.

"అన్ననాడు రాద్దురు గని."

జేబులోంచి పెన్ను తీసి ఆ వాక్యం కొట్టేశాను. సరిగ్గా కొట్టేశానో లేదో వంగి చూశాడు.

"ఆఁ, ఇప్పుడు మల్ల మొదటి సంది చదువుండ్రి" అన్నాడు.