ఆలస్యానికి కారణం

నిన్న మధ్యాహ్నం డ్యూటీ దిగి గదికి వచ్చి చెప్పులైనా విప్పకముందే మా చెల్లెలి కూతురు ఫోన్లో పంపిన దరఖాస్తు కనిపించింది. నర్సింగు పూర్తిచేసిన పిల్ల, నాలాగే సౌదీ వచ్చి పనిచేయాలని దాని ఆశ. కానీ పాస్‌పోర్టు కోసం వెళ్తే, నువ్వు పుట్టింది సౌదీలో, ఏడాదిలోపు అక్కడి మన ఎంబసీలో నీ పుట్టుక నమోదు కాలేదు, నువ్వు భారత పౌరురాలివని ఎలా అనుకోమంటావు అన్నారట. ఇప్పుడు ఢిల్లీ అనుమతి కోసం మళ్ళీ మొదటినుంచీ దరఖాస్తు పెడుతోంది. అది పుట్టినప్పుడు లేబర్ రూములో ఉన్న నర్సుని నేనే కాబట్టి సాక్షిగా నా సంతకం కావాలి. ఆలస్యానికి కారణం అన్నచోట "తండ్రి అశ్రద్ధ" అని రాసి ఉంది. ఆ రెండు మాటలూ చదివి, సంతకం పెట్టకుండా ఫోన్ పక్కన పెట్టేశాను.

ఇరవై ఏళ్ళ కిందట బురైదాలో మేమిద్దరం అక్కచెల్లెళ్ళం ఒకే ఆసుపత్రిలో పనిచేసేవాళ్ళం, దాని మొగుడు, అంటే మా మరిది, ఖర్జూరం తోటల్లో లారీ నడిపేవాడు. ఆ రోజుల్లో ఇక్కడ ఉన్నవాళ్ళకి గుర్తుండే ఉంటుంది, ఇంటికి ఫోన్ చేయాలంటే కార్డు గీకి, అంత పొడుగు నంబరు నొక్కి, లైను కలిసేసరికి సగం మాటలు మరిచిపోయేవాళ్ళం. ఇక్కడ ఉండనిచ్చే ఇకామా కార్డు పనైనా, సెలవు కాగితమైనా మన తెలుగువాళ్ళు ముందు నా దగ్గరికే వచ్చేవారు. నాలుగు అరబ్బీ ముక్కలు వచ్చినందుకు నాకు కాస్త పొగరు ఉండేదని ఇప్పుడు ఒప్పుకుంటే నష్టమేమీ లేదు.

పాప పుట్టింది. మా ఇళ్ళలో తొలిచూలు బిడ్డకి మా నాన్నగారు ఉపవాసం ఉండి, ప్రార్థన చేసి పేరు పెట్టాలి, అంతవరకూ ఏ కాగితం మీదా పేరు ఎక్కించకూడదు. మా చెల్లెలు మాత్రం తనకి నచ్చిన ఒక పొట్టి పేరు అనుకుని, వెంటనే నమోదు చేయించమని కాగితాలన్నీ మొగుడి చేతికిచ్చింది. అతను ఆసుపత్రి గేటు దగ్గర నన్ను కలిసి, "ఎంబసీవోళ్ళు ఈ శుక్రవారం బురైదా వత్తన్నారంట వదినా, వెళ్ళి ఇచ్చేసి వత్తాను" అన్నాడు. నాన్నగారు పెట్టే పేరు రాకుండానే ఇది తనకి నచ్చింది రాయించేస్తుందని నాకు ఉడుకెత్తింది. ఆ ఫైలు లాక్కున్నంత పని చేసి, నేను చూసుకుంటాను, దానికి మాత్రం చెప్పకు అన్నాను. అతను తలూపాడు. చెల్లెలు అడిగినప్పుడల్లా పని జరుగుతోందని చెప్పేవాడు.

అయిదో నెలలో నాన్నగారు పేరు చెప్పారు. పెంకితనంగా నవ్వుకుంటూనే చెల్లెలు కూడా ఒప్పుకుంది. తర్వాత ఎంబసీవాళ్ళు వచ్చిన శుక్రవారం నేను పదిహేనుమందిని మా గదికి ప్రార్థనకీ భోజనానికీ పిలిచి ఉన్నాను, బిర్యానీకి మాంసం నానబెట్టి ఉంది, ఇంకోసారి వెళ్దాంలే అనుకున్నాను. ఏడాది గడువు సంగతి నాకు తెలియక కాదు. మనవాళ్ళ పిల్ల మన దేశపు పిల్ల కాకుండా ఎక్కడికి పోతుందనే ధీమా. ఆ ఇంకోసారి వచ్చేలోపే పాప రెండో ఏట పడింది.

అంతలో మరిది తల్లికి బాగాలేదని కబురొచ్చింది. పాపని ఊరికి తీసుకెళ్ళే కాగితాల కోసం హడావుడిగా రియాద్ ఎంబసీకి వెళ్తే, గడువు దాటింది, ఇప్పటికి ఒకసారి ప్రయాణానికి మాత్రం కాగితం ఇస్తాం, నమోదుకి ఢిల్లీ అనుమతి తెచ్చుకోండి అన్నారు. ఆ హాల్లో అందరి ముందూ మా చెల్లెలు మొగుణ్ణి పట్టుకుని, "నా బిడ్డ కాగితాలు ఏం చేసేవయ్యా, ఇచ్చేనన్నావుగా" అని ఏడ్చింది. అతను ఒక్కసారి నా వైపు చూసి తల దించుకున్నాడు. ఫైలు నా సంచీలోనే ఉంది. నేను పాపకి నీళ్ళు పట్టిస్తూ ఉండిపోయాను. వాళ్ళు ఊరికి వెళ్ళి అక్కడే ఉండిపోయాక అనుమతి సంగతి ఎవరికీ పట్టలేదు, నేనూ గుర్తుచేయలేదు. చదువులేని డ్రైవరుకి కాగితం విలువేం తెలుస్తుందని మా అమ్మ పోయేదాకా అంటూనే ఉంది. ప్రతి సెలవులోనూ ఆ మాట వింటూ వాళ్ళింట్లో అన్నం తిన్నాను.

నిన్న సాయంత్రం పిల్లకి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. "నాన్నే అలా రాయమన్నాడు పెద్దమ్మా. పెద్దమ్మ ఇంకా అక్కడ ఉజ్జోగం చేత్తంది, ఈ ఆలస్యంలో ఆవిడ పేరు రానివ్వకన్నాడు" అంది. దానికి అంతా ముందే తెలుసు.

ఆ రెండు మాటలూ కొట్టేసి, కాగితాలు ఏడాది దాటేవరకూ నా దగ్గరే ఉంచుకున్నానని నా పేరుతో రాసి, సంతకం పెట్టి పంపాను. అనుమతి వస్తుందో రాదో తెలియదు. మరిదికి ఫోన్ చేసే ధైర్యం ఇంకా చాలలేదు.

ఇప్పుడు మా వార్డులోని చిన్న నర్సులు బిడ్డ కడుపులో ఉండగానే పేరు అనుకుని, పుట్టిన వారంలోపే ఫోన్లో ఎంబసీ తారీఖు తీసుకుని తామే వెళ్ళి వస్తున్నారు. ఒక్క కాగితం ఇంకొకరి చేతికివ్వరు. వీళ్ళకి ఎవరి మీదా నమ్మకం లేదు, మన కాలంలో ఒకరి మాట మీద ఒకరం బతికేవాళ్ళం అని నేను ఎన్నిసార్లు గొప్పగా చెప్పి ఉంటానో. నిజమే, అలాగే బతికాం. మా మరిది నా మాట నమ్మకుండా ఆ శుక్రవారం తనే వెళ్ళి వరసలో నిలబడి ఉంటే, ఈపాటికి ఆ పిల్లకి నాది అని చెప్పుకోవడానికి ఒక దేశం ఉండేది.